సారా హేల్: 1828 సరైనదా, 1837 సరైనదా?

అమెరికన్ రచయిత్రి సారా హేల్ పత్రికా సంపాదకురాలైంది 1828లోనా, 1837లోనా అని మీ వ్యాసం గురించి అడిగారు. మీ రెండు తేదీలూ సరైనవేనండీ, పత్రికలే వేరు. భర్త పోయి ఐదుగురు పిల్లలతో మిగిలిన హేల్ 1828లో చేపట్టింది బోస్టన్ ‘లేడీస్ మ్యాగజైన్’. 1837లో ప్రచురణకర్త లూయీ గోడే దాన్ని కొని, ఫిలడెల్ఫియాలోని తన ‘లేడీస్ బుక్’లో కలిపేసి, ఆవిడనే సంపాదకురాలిగా పెట్టుకున్నాడు. అందరూ తడబడేది ఇక్కడే: చిన్నకొడుకు హార్వర్డ్‌లో చదువుతున్నాడని ఆవిడ బోస్టన్ నుంచే పనిచేసి, 1841లో ఊరు మారింది. కాబట్టి మీ వ్యాసంలో 1837 పక్కన ‘ఫిలడెల్ఫియాకు వెళ్లింది’ అన్న వాక్యం తీసేయండి. పదవీ విరమణ 1877.

మేరీ గొర్రెపిల్ల పద్యం (‘మేరీ హ్యాడ్ ఎ లిటిల్ ల్యాంబ్’) 1830లో హేల్ పిల్లల కవితల పుస్తకంలో అచ్చయింది. తొలి చరణాలు జాన్ రౌల్‌స్టన్ అనే యువకుడివన్నది, పద్యంలోని మేరీని తానేనన్న మేరీ సాయర్ ముసలితనంలో చెప్పిన మాట. రచయితగా హేల్ పేరే ఉంచి, ఆ వాదనను ఒక్క వాక్యంలో చెప్పండి, చాలు.