పాఠకుల ప్రశ్నలు: పాతకాలపు నేరకథ

ప్రశ్న: 1955 నాటి నెల్లూరు నేపథ్యంలో సీరియల్ రాస్తున్నాను. పెళ్లి ప్రకటనలతో ఒంటరి ఆడవాళ్లకు ఎర వేసి చంపే జంట, వాళ్ల వెంట ఇద్దరు డిటెక్టివ్‌లు. ఇత్తడి చెంబు మీది ఒక్క వేలిముద్రతో మర్నాటికల్లా హంతకుడి పేరు తేలిపోతుంది. నమ్ముతారా? (కావలి పాఠకుడు)

జవాబు: తెలిసినవాళ్లు నమ్మరండీ. అప్పటి పోలీసు వేలిముద్రల బ్యూరోల్లో ముద్రల చీటీలు హెన్రీ పద్ధతిలో సర్దేవారు. పది వేళ్లూ చూసి, ఏయే వేళ్లకు సుడి ఉందో లెక్కగట్టి, 1024 గుంపుల్లో ఒకదాంట్లో వేసేవారు. ఒక్క ముద్రే ఉంటే ఏ గుంపు వెతకాలి? పైగా ఆ చీటీలు పాతనేరస్థులవి. మీ జంట ఎప్పుడూ జైలుకు పోలేదంటే అక్కడ దొరకనే దొరకరు. ముందు మనిషి దొరకాలి, ముద్ర ఆ తర్వాత.

చెంబు కూడా వద్దు. గ్రామ మునసబు రాసిన యాదాస్తు (కబురు కాగితం) స్టేషనుకు చేరి, ఎస్సై వచ్చేలోపు పదిమంది ముట్టుకుంటారు, ఎవరో చింతపండేసి తోమేస్తారు కూడా. గోడ అద్దం పెట్టండి. పాదరసం, సుద్ద కలిపిన బూడిదరంగు పొడిని మెత్తటి బ్రష్‌తో తేలిగ్గా అద్దాలి. ఎక్కువైతే గీతల సందులు పూడిపోయి ముద్ర అలుక్కుపోతుంది. ముందు ఫొటో, తర్వాతే అద్దం కదపడం.

మనిషిని పట్టించేది మనియార్డరు. అప్పట్లో డబ్బు అందుకున్నవాడి సంతకం ఫారం మీద ఉండేది. సంతకం రాక నిశానీ వేస్తే సాక్షి సంతకం కూడా. మీ డిటెక్టివ్‌లను పోస్టాఫీసుల చుట్టూ తిప్పండి, రెండు వారాలకు సరిపడా కథ అక్కడే ఉంది.

ప్రశ్న: ఇలాంటి జంట నిజంగా ఉందా? (గూడూరు పాఠకురాలు)

జవాబు: అమెరికాలో రేమండ్ ఫెర్నాండెజ్, మార్తా బెక్. ఒంటరివాళ్ల పరిచయాల క్లబ్బుల ద్వారా ఆడవాళ్లను పట్టేవారు. చంపేసిన జానెట్ ఫే పేరుతో ఇంటివాళ్లకు టైపు చేసిన ఉత్తరాలు పంపారు. ఆమెకు టైపు రాదని ఇంటివాళ్లకు తెలుసు. 1949లో మిచిగన్‌లో దొరికారు. అక్కడ మరణశిక్ష లేదు కనక న్యూయార్క్‌కు అప్పగించారు. 1951 మార్చి 8న సింగ్‌సింగ్ జైల్లో ఇద్దరికీ విద్యుత్ కుర్చీ.

ప్రశ్న: క్లైమాక్స్‌లో భార్య అప్రూవరుగా మారి మొగుడి మీద సాక్ష్యం చెప్పొచ్చా? (ఒంగోలు పాఠకుడు)

జవాబు: చెప్పొచ్చు, సగమే. అప్పటి సాక్ష్య చట్టం (1872) 122వ సెక్షన్ ప్రకారం, కాపురంలో మొగుడు తనతో అన్న మాటలు అతని ఒప్పుదల లేకుండా కోర్టులో చెప్పకూడదు. కళ్లారా చూసింది చెప్పొచ్చు. 1954లో రామ్ భరోసే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. అర్ధరాత్రి వచ్చి బట్టలు ఉతుక్కున్నాడు అనొచ్చు, ‘చంపేశానే’ అన్నాడని అనకూడదు.

మలుపు కావాలా? అతనికి ముందే ఓ భార్య ఉందని తేల్చండి. 1955 హిందూ వివాహ చట్టం దాకా కూడా అక్కర్లేదు, అప్పట్లో నెల్లూరు ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1949 చట్టంతోనే ద్విభార్యా వివాహం చెల్లకుండా పోయింది. పెళ్లే పెళ్లి కాదు కనక ఆ రక్షణా లేదని ప్రాసిక్యూటరు లేచి వాదిస్తాడు. అన్ని మాటలూ బయటికొస్తాయి.

ప్రశ్న: 1955 కథలో ‘ప్రకాశం జిల్లా కనిగిరి’ అనొచ్చా? (కందుకూరు పాఠకుడు)

జవాబు: వద్దు. ఆ జిల్లా పుట్టింది 1970లో. అప్పటికి కనిగిరి, మీ కందుకూరు నెల్లూరువి, ఒంగోలు గుంటూరుది. రాష్ట్రం ఆంధ్ర, రాజధాని కర్నూలు. బస్సు టికెట్టుకు అణాలివ్వండి, నయాపైసలు 1957 ఏప్రిల్ నుంచి.