హబ్ వేడి, బ్రేక్ పట్టకపోవడం: రెండూ ఒకే చోట

మీ ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకుల్లో ఒక చక్రానిది పట్టడం లేదని, దాని హబ్ (ఇరుసు మీద తిరిగే చక్రం మధ్య భాగం) కాలుతోందని అడిగారు. బ్రేక్ పట్టని చక్రమే చెయ్యి పెట్టలేనంత కాలుతోందంటే ఆ వేడి బ్రేక్‌ది కాదండి, హబ్ లోపల రోలర్లుండే బేరింగ్‌ది. ప్రయాణానికి ముందు గన్‌తో గ్రీజు నిండా కొట్టానన్నారు కదా, నా అనుమానం అక్కడే. చక్రం తిప్పకుండా గట్టిగా కొడితే వెనక సీల్ (గ్రీజు బయటికి రాకుండా ఆపే రింగు) దాటి గ్రీజు డ్రమ్‌లోకి, అంటే బ్రేక్ షూలు రాసుకునే గిన్నెలోకి, పోతుంది.

ముందు కరెంటు చూడండి. బ్రేక్‌కి కరెంటు తెచ్చే నీలం వైరు విప్పి, మాగ్నెట్ (కరెంటు రాగానే షూలను డ్రమ్‌కి నొక్కించే అయస్కాంతం) రెండు వైర్ల మధ్య మీటర్ పెడితే మీ 10 అంగుళాల బ్రేక్‌కి దాదాపు 3.2 ఓమ్‌లు రావాలి. బాగా తక్కువైతే లోపల షార్ట్, అసలు కదలకపోతే తీగ తెగింది. సరిగ్గానే ఉంటే డ్రమ్ తీయండి. ట్రైలర్‌ని జాకీ మీద వదలొద్దు, స్టాండ్లు పెట్టండి.

షూలు గ్రీజు తాగి ఉంటే కడిగి వాడాలని చూడకండి, వేడెక్కగానే మళ్లీ ఊరుతుంది. ఆ ఇరుసుకి రెండు వైపులా మార్చండి. డ్రమ్‌ని మాత్రం బ్రేక్ క్లీనర్‌తో తుడిస్తే చాలు. బేరింగ్ రోలర్లు వేడికి నీలం తిరిగినా, కప్పులో (బేరింగ్ బయటి రింగు) గుంటలున్నా కోను (రోలర్లుండే లోపలి రింగు), కప్పు కలిపే మార్చాలి. సీల్ ఎలాగూ కొత్తదే.

బిగింపులోనే చాలామంది తప్పుతారు. హబ్ తిప్పుతూ ఇరుసు చివరి నట్టు 50 ఫుట్-పౌండ్లకి (బిగింపు బలం కొలత) బిగించి, హబ్ కదపకుండా వదులు చేసి, తర్వాత వేళ్లతోనే బిగించి, నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ వేయండి. పానాతో బిగించి వదిలేస్తే ఇదే వేడి మళ్లీ వస్తుంది.

కొత్త షూలకి 200 మైళ్ల తర్వాత అడ్జస్ట్‌మెంట్ ఒకసారి చూడండి.