మిషన్‌లో ఉన్న తమ్ముడు ప్రతి కాల్‌లో ఏడుస్తుంటే

రాజమండ్రి నుంచి ఢిల్లీ మిషన్‌కు (లేటర్-డే సెయింట్స్, అంటే మార్మన్ చర్చి తరఫున చేసే పూర్తికాల సువార్త సేవకు) వెళ్లిన మీ తమ్ముడు రెండో నెలలోనే వీడియో కాల్‌లో ఏడ్చి "వచ్చేస్తాను" అంటున్నాడంటే, చాలావరకు అది ఇంటి బెంగే. విశ్వాసం తగ్గిపోయిందని కంగారు పడకండి. తెలియని ఊరు, రోజంతా పక్కనే ఉండే కంపానియన్ (జతగా పనిచేసే తోటి మిషనరీ), 24 నెలల గడువు. మొదట్లో ఎవరికైనా బరువే.

1. చాలామంది వదిలేసేది ఇదే: మిషన్ ప్రెసిడెంట్‌కు (అక్కడి మిషనరీలందరి బాధ్యత చూసే పెద్దకు) నిజం చెప్పడం. ప్రతి వారం ఆయనకు రాసే ఉత్తరంలో పిల్లలు "అంతా బాగుంది" అని రాసేస్తారు. ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం ఏడుస్తారు. ఇక ఆయనకెలా తెలుస్తుంది? నిద్ర పట్టట్లేదు, తిండి సయించట్లేదు అని ఉన్నదున్నట్టు రాయమనండి. కంపానియన్‌ను మార్చాలన్నా, కౌన్సెలర్‌తో మాట్లాడించాలన్నా దారి ఆయనే చూపాలి.

2. 2019 నుంచి ప్రతి వారం ఇంటికి కాల్ చేసుకోవచ్చు కదా, ఆ టైమంతా "ఎప్పుడొస్తావు" అనడంతో గడిపేయకండి. ఆ వారం ఎవరిని కలిశాడో చెప్పించండి.

3. అయినా తగ్గకపోతే ఇంటి దగ్గరే ఉండి చేసే సర్వీస్ మిషన్ గురించి అడగండి. అదీ మిషనే, చిన్నతనం కాదు.

"బతకాలని లేదు" లాంటి మాట వస్తే మాత్రం ఉత్తరం దాకా ఆగొద్దు. ఆ క్షణమే ప్రెసిడెంట్‌కు మీరే ఫోన్ చేయండి.