శివారు రైతు లేకుండా పటం గీయకు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

వంశధార ఎడమ కాలువ శివారు భూములకు నీరెందుకు అందడం లేదో తేల్చడానికి రైతులను, ఇంజినీర్లను, వ్యవసాయ శాఖవారిని ఒకచోట కూర్చోబెట్టి, ఏది పెరిగితే ఏది పెరుగుతుందో, ఏది తగ్గుతుందో బాణాల పటంగా చూపే నమూనాను వాళ్ళ చేతనే కట్టించబోతున్నావని అక్క ఫోనులో చెప్పింది. అప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. నా ఉద్యోగమంతా కాలువ గట్ల మీదనే గడిచింది గనుక నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొదటి పనులు నీకు తెలిసినవే. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకో. ఎన్నేళ్ళ కాలాన్ని చూడాలో తేల్చుకో. నిల్వలకూ (పోగై ఉండేవి) ప్రవాహాలకూ (వాటిని పెంచేవి, తగ్గించేవి) కొలతలు పొసగుతున్నాయో లేదో సరిచూసుకో. మొదటి రోజు కంప్యూటరు తెరవకు.

శివారున తడిసిన ఎకరాలు ఏటేటా ఎలా మారాయో వచ్చినవాళ్ళందరినీ విడివిడిగా గీయమను. గీత 2018 దగ్గరకు రాగానే అందరూ తిత్లీ గురించే మాట్లాడతారు. ఆ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తుఫాను ఉద్దానం కొబ్బరి తోటలను కూల్చడం కళ్ళారా చూసినవాళ్ళు వాళ్ళు. మధ్యలో ఆపకు, పూర్తిగా విను. ఆ తర్వాత, తుఫానుకు ముందు పదేళ్ళు ఆ గీత ఎటు నడిచిందని అడుగు.

అప్పుడు ఒడిశా పేరు వస్తుంది, వాన పేరు వస్తుంది. అవి అబద్ధాలని నేననను. ఒడిశాతో వంశధార నీటి పంపకం మీద 2010లో ట్రిబ్యునలే వేయవలసి వచ్చింది. కానీ ఒక వ్యవస్థలోని భాగాలు ఒకదాన్నొకటి మార్చుకుంటూ కాలక్రమంలో ఎలా నడుస్తాయో చూసే శాస్త్రం, నువ్వు చదివిన ఆ సిస్టమ్ డైనమిక్స్, ఎక్కడ పుట్టిందో గుర్తు తెచ్చుకో. 1956లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ విభాగానికి మారిన జే ఫారెస్టర్‌కు జనరల్ ఎలక్ట్రిక్ వారి కెంటకీ కర్మాగారాల సమస్య ఎదురైంది. అక్కడ ఒకప్పుడు మూడు షిఫ్టుల పని ఉండేది, కొన్నేళ్ళకే సగం మందికి పని ఉండేది కాదు. అందరూ దేశంలోని వ్యాపారపు ఒడిదుడుకులే కారణమన్నారు. ఆయన కాగితం మీద చేత్తో లెక్క వేసి, గిరాకీ నిలకడగా ఉన్నా వాళ్ళ సొంత నియామకాల, సరుకు నిల్వల నిర్ణయాలే ఆ ఊగిసలాటను పుట్టించగలవని చూపాడు. మన కాలువలో అలా లోపలే తిరుగుతున్నదేమిటో నీ బృందం వెతకాలి.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. చాలా ఏళ్ళ కిందట మన ప్రాంతంలోనే ఒక కాలువ కింద ఒక బృందం ఇటువంటి పనే చేసింది. నేను చూడడానికి వెళ్ళాను. రోడ్డు బాగుందని సమావేశం ఎగువ గ్రామంలో పెట్టారు. అవి ఉడుపుల రోజులు. శివారు గ్రామాల మగవాళ్ళు చాలామంది విశాఖపట్నానికో చెన్నైకో పనికి వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళు నారుమడి వదిలి రాలేకపోయారు. ఎగువ రైతులూ అధికారులూ కలిసి గీసిన పటం చూడడానికి ఏ లోపమూ లేనట్టే ఉంది: శివారున కొరత పెరిగితే ఫిర్యాదులు పెరుగుతాయి, ఫిర్యాదులు పెరిగితే షట్టర్లు ఎక్కువ ఎత్తుతారు, నీరు పెరిగితే కొరత తగ్గుతుంది. వెనక నిలబడి వింటున్న లస్కరు (కాలువ షట్టర్లు ఎత్తి దించే మనిషి) ఒకాయన, "నీరెక్కువొగ్గితే పైనోలు మెట్ట కూడా ఊడిసేత్తారు బాబూ, కిందకి సుక్క రాదు" అన్నాడు. ఆ షట్టర్ల దగ్గరే తల నెరిసిన మనిషి. ఆ మాటలో అంకె లేదని రాసేవాళ్ళు రాసుకోలేదు.

పటం ప్రకారమే నీరు పెంచారు. మరుసటి పంటకు ఎగువ మెట్ట మడులైంది, గట్టు పొడవునా మోటార్లు వెలిశాయి, శివారు ఎప్పటిలాగే ఎండింది. ఒకసారి వరికి అలవాటుపడిన పొలాన్ని మళ్ళీ మెట్టగా మార్చమని ఏ అధికారి చెప్పగలడు? విడుదల పెరిగితే ఎగువ సాగు పెరుగుతుందనే ఆ ఒక్క బాణం లేనందువల్ల కొన్ని ఊళ్ళు అదనపు నీటి మీద ఆశ పెట్టుకుని నారు పోసుకుని నష్టపోయాయి. జాప్యాన్నీ వాళ్ళు గీయలేదు. ఎత్తిన షట్టరు నీరు శివారుకు చేరడానికి రోజులు పడుతుంది. ఈలోగా మళ్ళీ ఫిర్యాదు, మళ్ళీ ఎత్తడం, చివరికి ఎగువన గట్టు తెగుతుందేమోనని ఒక్కసారిగా దించేయడం. నీ కాలువ గొట్టా బ్యారేజీ నుంచి టెక్కలి దాటి పలాస వైపు 100 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఆ జాప్యం నీ పటంలో లేకపోతే దాన్ని ఎవరికీ చూపించకు.

సమావేశం నడపడమూ నమూనా కట్టడమూ రెండూ నేనే చేసుకుంటానన్నావట. ఆ మాట వినగానే నాకు కోపం వచ్చింది. ఈ రంగపు పరిశోధకులు రిచర్డ్‌సన్, ఆండర్సన్ 1995లోనే ఈ పనిని అయిదుగురికి పంచారు: సభ నడిపేవారు, వింటూ నమూనా కట్టేవారు, మనుషుల తీరు గమనించేవారు, ప్రతి మాటా రాసేవారు, ఆ చోటివాళ్ళకూ బృందానికీ మధ్య నిలిచేవారు. తెల్లకాగితం మీద బాణం గీస్తూ నువ్వు వెనక్కి తిరిగిన క్షణంలోనే ఆ లస్కరులాంటి మనిషి నోరు తెరుస్తాడు. రాసే పనికి మన యాస బాగా తెలిసిన పిల్లను పెట్టు, అన్న మాటను అన్నట్టే రాయమను. చిన్నప్పటి నుంచీ బరువంతా ఒక్కదానివే మోయడం నీకు అలవాటని నాకు తెలుసు తల్లీ. ఈ ఒక్క పనిలో అలా చేయకు.

సమావేశం ఉడుపుల్లో పెట్టకు. సంక్రాంతికి వలసవాళ్ళు ఊళ్ళకు వస్తారు. కనుమ దాటిన రెండు రోజులకు, శివారు గ్రామంలోనే, బడి వరండాలో పెట్టు. మొదటి పటం గీయగానే ఫొటో తీసి నాకు పంపు. ఆ కాలువ మీద పనిచేసి రిటైరైన లస్కర్లు ఇద్దరు నాకు తెలుసు, వాళ్ళను నేనే స్వయంగా వెంటబెట్టుకుని వస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య