నాన్న లాకర్లో పెట్టిన డబ్బు లేదంటున్నాడు అన్నయ్య

ప్రశ్న: మాది గాజువాక. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఆనందపురం దగ్గర తన సంపాదనతో కొన్న స్థలం నిరుడు అమ్మారు. చెక్కుగా వచ్చిన డబ్బులో 12 లక్షలు, మేడ మీద పోర్షన్ వేయించడానికని మూడు దఫాలుగా డ్రా చేసి ద్వారకానగర్‌లో బ్యాంకు లాకర్లో పెట్టారు. లాకర్ నాన్న, అన్నయ్య పేర్ల మీద ఉంది. ఇద్దరిలో ఎవరైనా తెరవొచ్చు. నాలుగు నెలల క్రితం నాన్న పోయారు. వీలునామా రాయలేదు. పెద్దకర్మ అయ్యాక అందరం వెళ్లి తెరిస్తే అమ్మ నగలు ఉన్నాయి, డబ్బు లేదు. "అందులో డబ్బే లేదు. ఉన్నా ఇప్పుడు ఆ లాకర్ నాది" అంటున్నాడు అన్నయ్య. కేసు బ్యాంకు మీద వేయాలా, అన్నయ్య మీదా?

జవాబు: కేసు సంగతి తరవాత చూద్దాం. ముందు ఈ వారంలోనే బ్యాంకు మేనేజరుకు ఒక ఉత్తరం ఇవ్వండి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం స్ట్రాంగ్ రూమ్‌లోకి వచ్చిపోయేవారి సీసీటీవీ రికార్డింగును కనీసం 180 రోజులు ఉంచాలి. ఆ తరవాత ఉంచే బాధ్యత బ్యాంకుకు లేదు. నాన్నగారు పోయి అప్పుడే నాలుగు నెలలైందంటున్నారు. అంటే మీ చేతిలో రెండు నెలలు కూడా ఉండకపోవచ్చు. మాకు తెలియకుండా లాకర్ తెరిచారని అనుమానం ఉంది, రికార్డింగు చెరపవద్దు, లాకర్ రిజిస్టరు భద్రపరచండి, వారసుల మధ్య తగాదా తేలేదాకా ఎవరినీ తెరవనివ్వకండి అని స్పష్టంగా రాయండి. కాపీ మీద బ్యాంకు స్టాంపు వేయించుకోండి. రికార్డింగు మీకు చూపించమంటే వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. పరవాలేదు, అది చెరిగిపోకుండా ఉంటే చాలు, కోర్టు తెప్పిస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. నాన్నగారి ఫోను ఎక్కడుంది? లాకర్ ఎప్పుడు తెరిచినా ఆ రోజు ముగిసేలోగా, తేదీ, సమయంతో సహా రిజిస్టరైన నంబరుకు బ్యాంకు మెసేజ్ పంపాలి. అది నాన్నగారి నంబరే అయితే ఆ మెసేజ్ ఈపాటికి ఆ ఫోనులో ఉండొచ్చు. అమ్మ బీరువాలో ఆఫ్ చేసి పడేసి ఉంటే బయటికి తీయండి. సిమ్ రీఛార్జ్ చేయించండి. ఏ మెసేజూ డిలీట్ చేయకండి, ఫోను ఎవరి చేతికీ ఇవ్వకండి. కోర్టులో దాన్ని చూపించాలంటే 2023 సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు.

మీ తగాదా అంతా రెండు తేదీల మీద నిలబడి ఉంది: నాన్నగారు పోయిన తేదీ, లాకర్ తెరిచిన తేదీ. పాస్‌బుక్కులో డబ్బు డ్రా చేసిన రోజులకీ, రిజిస్టరులో నాన్నగారి సంతకాలున్న రోజులకీ పొంతన కుదిరితే డబ్బు లోపలికి వెళ్లిందనడానికి అది గట్టి ఆధారం. ఆయన పోయాక, మీరంతా వెళ్లకముందే అన్నయ్య సంతకం ఒకటి కనిపిస్తే జవాబు చెప్పుకోవలసింది ఆయనే. అలా కాక, చివరి సంతకం నాన్నగారిదే అయి, పోయేముందు ఆయనే తెరిచి ఉంటే, డబ్బు మేస్త్రీకి అడ్వాన్సుగా వెళ్లిందేమో కూడా కనుక్కోండి. అన్నయ్య చెప్పేది నిజమయ్యే అవకాశమూ ఉంది. రిజిస్టరు చూడకుండా దొంగ అనే మాట నోరు జారకండి. ఆ మాట అన్నాక ఇల్లు మళ్లీ కలవడం ఎంత కష్టమో నేను కోర్టు వరండాల్లో రోజూ చూస్తున్నాను.

"లాకర్ ఇప్పుడు నాది" అన్న మాట మాత్రం చట్టం ముందు నిలవదు. బతికున్న హోల్డరుకు లాకర్ తెరిచే వీలు ఉంటుంది, అంతే. లోపలి సొత్తుకు ఆయన యజమాని కారు. ఇతర వారసుల తరఫున ధర్మకర్తగానే తెరవనిస్తున్నామని ఆయనకు స్పష్టం చేయాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకే చెప్పింది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నగారి స్వార్జితంలో అమ్మకు, అన్నయ్యకు, మీకు సమాన వాటా. నాన్నగారి తల్లి బతికి ఉంటే ఆవిడకూ ఒక వాటా వస్తుంది. లేకపోతే, ఇంకెవరూ తోబుట్టువులు లేకపోతే, 12 లక్షల్లో ఒక్కొక్కరికి 4 లక్షలు.

అమ్మ నగలు ఈ లెక్కలోకి రావు. నాన్న పేరున్న లాకర్లో ఉన్నంత మాత్రాన అవి నాన్న ఆస్తి అయిపోవు. అదే చట్టం సెక్షన్ 14 కింద అవి పూర్తిగా ఆవిడవి. మీరైనా అన్నయ్యైనా వాటిని పంచుకుందామని అనకండి. ముందు అవి ఆవిడ చేతికి చేర్చండి.

బ్యాంకు మీద కేసుకు నాకైతే బలం కనిపించడం లేదు. బ్యాంకు నిర్లక్ష్యం, దొంగతనం, ఉద్యోగుల మోసం వంటివాటిలోనే దాని బాధ్యత, అదీ ఏడాది అద్దెకు గరిష్ఠంగా వంద రెట్లు. మీ విషయంలో హోల్డరే తన తాళంతో తెరిచారు. పైగా ఇప్పటి లాకర్ ఒప్పందాల్లో నగదు పెట్టకూడదనే షరతు ఉంటుంది. దానివల్ల బ్యాంకును అడిగే హక్కు సన్నగిల్లుతుంది కానీ అన్నయ్యను అడిగే హక్కు పోదు. నాన్నగారు పోయారని తెలిసీ సాక్షుల ముందు జాబితా రాయకుండా తెరవనిచ్చి ఉంటే మాత్రం బ్యాంకు కూడా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

పోలీసుల దగ్గరికి వెళ్తే చాలాసార్లు "ఇది సివిల్" అని పంపేస్తారు. కానీ చనిపోయిన మనిషి ఆధీనంలో ఉన్న సొత్తును దురుద్దేశంతో సొంతం చేసుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 315 కింద నేరమే, మూడేళ్ల దాకా జైలు, జరిమానా. దాన్ని ఆఖరి దారిగా ఉంచుకోండి. ముందు లాయరు నోటీసు ఇవ్వండి. తరవాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే రాజీకి దరఖాస్తు చేయండి. మహిళలకు అక్కడ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. అన్నయ్య రాకపోతే విభాగ దావా (వాటాలు పంచమని కోర్టును అడిగే కేసు) వేసి, లాకర్ తెరవకుండా ఇంజంక్షన్, రిజిస్టరు తెప్పించమని పిటిషన్ వేయండి. డబ్బు పెట్టడం అమ్మ కళ్లారా చూసి ఉంటే ఆవిడ సాక్ష్యమే మీకు పెద్ద అండ.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పాస్‌బుక్కు జిరాక్సులు పట్టుకెళ్లండి. అమ్మ సంతకం కూడా ఉత్తరం మీద పెట్టించండి. మేనేజరు కాగితం తీసుకోనంటే వాదించకండి. అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.