ఏ పెట్టె నిలుస్తుంది, ఏది మూలన పడుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడుగుతున్నాయి: టీవీ అయినా ఫోన్ అయినా, ఇప్పుడు కొంటే నాలుగేళ్ల తర్వాత కూడా పనికొస్తుందా అని. ఉగాది నాటి రాజపూజ్యం, అవమానాల లెక్కలాగా కంపెనీల జాతకం చెప్పడం మా వల్ల కాదు. అయితే కొన్ని గడువు తేదీలు ముందే ప్రకటించి ఉంటాయి. కొన్ని లక్షణాలు కొట్లోనే తెలిసిపోతాయి. జవాబులు వాటిని బట్టే రాశాం.

ప్రశ్న: 43 అంగుళాల టీవీ కొందామని వెళ్తే గూగుల్ టీవీ, వెబ్‌ఓఎస్, టైజెన్, ఫైర్ టీవీ, జియో టెలీ ఓఎస్ అని ఐదు రకాలు చూపించారు. వీటిలో ఐదేళ్ల తర్వాత ఏది మిగులుతుంది?
– తెనాలి పాఠకురాలు

జవాబు: ఇవన్నీ ఓఎస్‌లు, అంటే టీవీని లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్లు. ఐదు పేర్లూ మిగలొచ్చు. మీరు గోడకు బిగించిన టీవీ మాత్రం ఈలోపే అనాథ కావచ్చు. ఈ రెండూ వేర్వేరు సంగతులు.

వెబ్‌ఓఎస్ 2009లో పామ్ ఫోన్ల కోసం పుట్టింది. 2010లో పామ్‌ను హెచ్‌పీ 120 కోట్ల డాలర్లకు కొంది. మరుసటి ఏడాది జులైలో టచ్‌ప్యాడ్ అనే ట్యాబ్లెట్ తెచ్చి 49 రోజులకే చేతులెత్తేసింది. 2013లో ఎల్‌జీ దాన్ని కొని టీవీల్లో పెడితే ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. టైజెన్ సంగతీ అంతే. ఆ ఓఎస్‌తో తొలి ఫోన్ సామ్‌సంగ్ జెడ్1 2015 జనవరిలో 5,700 రూపాయల ధరతో మన దేశంలోనే విడుదలైంది. తర్వాత ఫోన్లలో టైజెన్ కనుమరుగైంది. 2021లో వాచీలకూ సామ్‌సంగ్ గూగుల్ వారి వేర్ ఓఎస్‌నే ఎంచుకుంది. టీవీల్లో టైజెన్ మాత్రం కదల్లేదు. పేరు బతికే ఉన్నా ఆ ఫోన్లు, ట్యాబ్లెట్లు కొన్నవాళ్లకు ఒరిగిందేమీ లేదు.

అందుకే పేరు కన్నా ముందు, ఈ మోడల్‌కు అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా అని అడగండి. సామ్‌సంగ్ 2024 నుంచి తెచ్చిన టైజెన్ టీవీలకు 7 ఏళ్లు అంటోంది. ఎల్‌జీ ఐదేళ్లలో 4 కొత్త వెర్షన్లు అంటోంది. రెండింటిలోనూ మీ మోడల్ ఉందో లేదో నంబరు పెట్టి సరిచూసుకోండి. ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. లెక్క మొదలయ్యేది మీ బిల్లు తేదీ నుంచి కాదు, మోడల్ మార్కెట్లోకి వచ్చిన ఏడాది నుంచి. దసరా ఆఫర్లో చవగ్గా ఇచ్చే రెండేళ్ల నాటి మోడల్‌కు రెండేళ్లు అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి.

గూగుల్ టీవీ విషయంలో చిక్కు వేరు. ఓఎస్ గూగుల్‌ది, దాన్ని మీ టీవీకి సర్ది పంపాల్సింది టీవీ కంపెనీ. చవక బ్రాండ్లు ఆ పని చేయడం తక్కువే. ఓఎస్ పాతదైనా ప్లే స్టోర్ నుంచి యాప్‌లు మాత్రం కొత్తవి వస్తూనే ఉంటాయి, అవి ఏటేటా బరువెక్కుతుంటాయి. 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ ఉన్న టీవీలు మూడో ఏడు నుంచి నత్తనడక నడిచేది అందుకే. యాప్ తెరవగానే మళ్లీ హోమ్‌కు వచ్చేస్తే ర్యామ్ చాలక. అప్‌డేట్ సగంలో ఆగిపోతే స్టోరేజీ చాలక. కనీసం 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ లేనిది తీసుకోకండి. కొట్లోనే సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్ తెరిచి ఖాళీ ఎంతుందో చూడండి. ర్యామ్ సంగతి సేల్స్‌మన్ నోటిమాట మీద వదలకుండా స్పెసిఫికేషన్ల పట్టికలో చూసుకోండి.

ఫైర్ టీవీ వైపు పెద్ద మార్పు మొదలైంది. ఆండ్రాయిడ్ పునాదిని వదిలి, లైనక్స్ (ఉచితంగా దొరికే ఓఎస్) మీద కట్టిన వేగా ఓఎస్‌ను అమెజాన్ 2025లో ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌తో తెచ్చింది. స్టిక్ అంటే టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకు తగిలించే చిన్న పరికరం. అందులో స్టోర్ బయటి నుంచి ఆండ్రాయిడ్ యాప్‌లు ఎక్కించుకోవడం కుదరదు. ముందుముందు మిగతా స్టిక్‌లూ ఇటే వస్తాయని మా అంచనా. ఆహా, ఈటీవీ విన్ లాంటివి మీరు చూసేవైతే ఏ ఓఎస్ అయినా సరే, డబ్బు కట్టే ముందు ఆ టీవీ స్టోర్‌లోనే వెతికించి చూడండి.

కొత్త పేర్లు ఇంకా వస్తాయి. ఆండ్రాయిడ్ టీవీ ఒప్పందాల మీద కాంపిటీషన్ కమిషన్‌లో నడిచిన కేసును గూగుల్ 2025 ఏప్రిల్లో 20.24 కోట్ల రూపాయలకు పరిష్కరించుకుంది. దాని ప్రకారం టీవీ కంపెనీలు గూగుల్ మూట మొత్తం ఎత్తుకోనక్కర్లేదు, ప్లే స్టోర్, ప్లే సర్వీసెస్‌కు విడిగా లైసెన్సు తీసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌కు తమ సొంత రూపాలు చేసుకున్న టీవీలూ అమ్మొచ్చు. చవక టీవీల్లో రకాలు తగ్గవు, పెరుగుతాయి.

కాబట్టి తెర నాణ్యత చూసి టీవీ కొనండి. లోపలి మెదడు మూడు నాలుగేళ్లకే అలసిపోతుందని ముందే లెక్కేసుకోండి. అప్పుడు టీవీ మార్చకుండా ఒక స్టిక్ తగిలిస్తే సరిపోతుంది. దానికి హెచ్‌డీఎంఐ పోర్టులు మూడుండాలి: సెట్‌టాప్ బాక్స్‌కు ఒకటి, సౌండ్‌బార్‌కు ఒకటి, రేపటి స్టిక్‌కు ఒకటి. స్టిక్ పెట్టే పోర్టు హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కొట్టకుండా కాపాడే ఏర్పాటు) ఉన్నదై ఉండాలి, లేకపోతే 4కే రాదు. స్టిక్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 0.5 ఆంపియర్, స్టిక్ అడిగేది దాదాపు 1 ఆంపియర్. సినిమా మధ్యలో స్టిక్ తనంతట తనే రీస్టార్ట్ అవుతోందంటే తొంభై పాళ్లు కారణం ఇదే.

స్టిక్ కూడా శాశ్వతం కాదు లెండి. 2025 మార్చి 9న గూగుల్ వారి రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు (ఇవీ టీవీకి తగిలించేవే) ప్రపంచమంతా ఒక్కసారిగా మొరాయించాయి. లోపలున్న పదేళ్ల గడువు డిజిటల్ సర్టిఫికెట్ ఆ రోజుతో తీరిపోయింది. గూగుల్ కొద్ది రోజుల్లో సరిచేసింది. తొందరపడి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినవాళ్లే మళ్లీ సెటప్ కాక ఎక్కువ తంటాలు పడ్డారు. ఊళ్లో అందరిదీ ఒకేరోజు ఆగిందంటే తప్పు మీ ఇంట్లో లేదు, రెండ్రోజులు ఆగండి.

ప్రశ్న: పెద్ద పెద్ద పరిశోధన సంస్థలు ఫలానా సంవత్సరానికి ఫలానా కంపెనీ వాటా ఇంత అని అంకెలతో చెబుతాయి కదా, నమ్మొచ్చా?
– వరంగల్ విద్యార్థి

జవాబు: 2011 మార్చిలో పరిశోధన సంస్థ ఐడీసీ వేసిన లెక్క చూడండి. 2015 నాటికి స్మార్ట్‌ఫోన్లలో మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ ఓఎస్ వాటా 20.9 శాతం ఉంటుందని, 15.3 శాతంతో ఐఫోన్ దాని వెనక ఉంటుందని చెప్పింది. మరో సంస్థ గార్ట్‌నర్ కూడా అటూ ఇటూగా అదే అంది. తీరా 2015 వచ్చేసరికి విండోస్ ఫోన్ మూడు శాతం కూడా దాటలేదు.

లెక్క ఎక్కడ తప్పింది? 2011 ఫిబ్రవరి 11న నోకియా, మైక్రోసాఫ్ట్ చేతులు కలిపాయి. అప్పటిదాకా సింబియన్ అనే పాత ఓఎస్ ఉన్న నోకియా ఫోన్లు కొన్న జనమంతా గొర్రెల మందలా విండోస్ ఫోన్‌కు తరలిపోతారని కాగితం మీద కూడేశారు. కొనేవాడు కంపెనీ మారినట్టు మారడు. యాప్‌లు రాసేవాడు అసలే మారడు. 2012 ఏప్రిల్లో అమెరికాలో నోకియా విండోస్ ఫోన్ లూమియా 900 అమ్మకానికి వచ్చింది. జూన్‌లోనే విండోస్ ఫోన్ 8 ప్రకటించి, అది పాత ఫోన్లకు రాదని చెప్పేశారు. రెండు నెలల నాటి కొత్త ఫోన్ పాతదైపోయింది. 2013లో మైక్రోసాఫ్ట్ తనే తయారు చేసుకున్న యూట్యూబ్ యాప్‌ను గూగుల్ అడ్డుకుంది. 2015 జులైలో మైక్రోసాఫ్ట్ తాను కొన్న నోకియా ఫోన్ల వ్యాపారం మీద 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసింది. 2019 డిసెంబర్ 31తో విండోస్ ఫోన్లలో వాట్సాప్ కూడా ఆగిపోయింది. ఫోన్ మోగుతుంది, చార్జింగ్ ఎక్కుతుంది, కానీ మన దేశంలో వాట్సాప్ లేని స్మార్ట్‌ఫోన్ ఎవరిక్కావాలి?

అందుకని వాటాల అంకెల కన్నా మూడు సంగతులు గమనించండి. మీ బ్యాంకు యాప్ ఆ ఓఎస్‌కు ఉందా, ఆ యాప్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు కంపెనీ తన పాత కొనుగోలుదారులను వెంట తీసుకెళ్లిందా లేదా. మూడోది తేడా కొడితే ఎంత పెద్ద కంపెనీ అయినా సరే దూరంగా ఉండండి.

ఇంకొకటి. ఇలాంటి పోటీలు ఏళ్ల తరబడి నానుతాయి, తెగేటప్పుడు మాత్రం పుటుక్కున తెగుతాయి. డీవీడీ తర్వాతి డిస్క్‌గా బ్లూరే, హెచ్‌డీ డీవీడీ పోటీపడ్డాయి. వార్నర్ సంస్థ సినిమాలు ఇక బ్లూరే మీదే తెస్తామన్నది 2008 జనవరి 4న. తోషిబా హెచ్‌డీ డీవీడీకి మంగళం పాడింది ఫిబ్రవరి 19న. మధ్యలో గడిచింది ఆరున్నర వారాలే.

ప్రశ్న: దుబాయ్‌లో ఉన్న మా అబ్బాయి ఐఫోన్ 17 పంపిస్తానంటున్నాడు. అందులో సిమ్ పెట్టే చోటే లేదట. ఇక్కడ పనిచేస్తుందా?
– జగిత్యాల పాఠకుడు

జవాబు: పనిచేస్తుంది. అబ్బాయి చెప్పింది నిజమే. యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌తో పాటు అమెరికాలో అమ్మే ఐఫోన్ 17లో ఈ-సిమ్ (ఫోన్ లోపలే ఉండే సిమ్) ఒక్కటే ఉంటుంది. మన దేశంలో అమ్మేదానికి నానో సిమ్ చోటు ఉంది. ఐఫోన్ ఎయిర్‌కైతే ఎక్కడ కొన్నా లేదు. గాలి ఎటు వీస్తోందో దీన్నిబట్టే తెలుస్తోంది. రాబోయే రెండు మూడేళ్లలో ఖరీదైన ఫోన్లలో సిమ్ ట్రే ఇక్కడా పోతుందని మా అంచనా. పదిహేను వేల ఫోన్లలో అంత తొందరగా పోదు.

మార్చుకునేటప్పుడు జాగ్రత్తలు: కొత్త ఫోన్లో *#06# కొడితే ఈఐడీ అనే 32 అంకెల నంబరు వస్తుంది. దాన్ని రాసుకోండి. పాత ఫోన్లో సిమ్ ఉండగానే జియో, ఎయిర్‌టెల్, వీఐ యాప్‌లో గానీ స్టోర్‌లో గానీ ఈ-సిమ్‌కు దరఖాస్తు పెట్టండి. బీఎస్ఎన్ఎల్ అయితే ముందు మీ కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో అడగండి. ఈ-సిమ్ దిగాలంటే కొత్త ఫోన్‌కు వైఫై ఉండాలి, పాత సిమ్ ఆగిపోయే సమయంలో మొబైల్ డేటా ఉండదు. అసలు ఇబ్బంది తర్వాత వస్తుంది. సిమ్ మారాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. మోసగాళ్లను ఆపడానికి పెట్టిన నిబంధన ఇది. అంటే ఆ రోజంతా బ్యాంకు ఓటీపీ ఉండదు, యూపీఐ యాప్ కొత్త ఫోన్లో రిజిస్టర్ కాదు. ఎరువులకు డబ్బు కట్టాల్సిన రోజునో, ప్రయాణం ముందు రోజో ఈ పని పెట్టుకోకండి.

ఫోన్ కింద పడి తెర పగిలితే సిమ్ తీసి చిన్న ఫోన్లో వేసుకునే వీలు ఉండదని కూడా గుర్తుంచుకోండి. మన్నిక మాట అడిగితే, 2019 నాటి ఐఫోన్ 11కు 2025లో వచ్చిన ఐఓఎస్ 26 కూడా అందింది. ఆండ్రాయిడ్‌లో పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 మొదలు ఏడేళ్ల మాట ఇచ్చారు.

ప్రశ్న: మా డీటీపీ సెంటర్‌లో ఏడో తరం ఐ5 కంప్యూటర్ ఉంది, విండోస్ 10. ఇక లైనక్స్‌కు మారమంటున్నారు.
– కాకినాడ పాఠకుడు

జవాబు: మీ పని అను స్క్రిప్ట్ (తెలుగు టైపింగ్), పేజ్‌మేకర్ (పేజీల కూర్పు)ల మీద నడుస్తుంటే మారకండి. అవి విండోస్‌కు కట్టుబడినవి. అను అక్షరాలు యూనికోడ్ (అన్ని యంత్రాల్లోనూ ఒకేలా చదవగలిగే అక్షరాల ప్రమాణం) కావు కాబట్టి, ఆ ఫాంట్ లేని చోట పాత శుభలేఖల ఫైళ్లు తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. భద్రతా అప్‌డేట్లు మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించుకోవచ్చు. వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే ఎన్‌రోల్ అనే లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లు. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ, కాబట్టి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్ల బ్యాకప్ ఆపి సెట్టింగ్స్ ఒక్కటే ఉంచండి. ఆ గడువు తీరాక ఈ యంత్రానికి నెట్ కేబుల్ పీకేసి, డీటీపీకి మాత్రమే వాడుకోండి. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి అడుగుతుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఏడో తరంలో ఒకటీ అరా ప్రాసెసర్లకే మినహాయింపు, మీ ఐ5కు లేదు. కొత్త పనులు ఇప్పటినుంచే యూనికోడ్‌లో చేయడం అలవాటు చేసుకుంటే రేపు ఏ ఓఎస్‌కు మారినా ఫైళ్లు మీ వెంటే వస్తాయి.

ప్రశ్న: స్మార్ట్ బల్బులు అలెక్సావి కొనాలా, గూగుల్‌వి కొనాలా?
– కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: డబ్బా మీద మ్యాటర్ గుర్తు ఉన్నవి కొనండి. 2022 అక్టోబర్లో వచ్చిన ఈ ప్రమాణంతో ఒకే బల్బును అలెక్సా, గూగుల్, యాపిల్ మూడింటికీ ఒకేసారి కలపొచ్చు, పని ఇంట్లోని నెట్‌వర్క్ మీదే జరిగిపోతుంది. కంపెనీ సర్వర్ల మీద ఆధారపడితే ఏమవుతుందో బెల్కిన్ కంపెనీ వీమో స్మార్ట్ పరికరాలు కొన్నవాళ్లకు తెలుసు. చాలా వీమో పరికరాలకు యాప్, క్లౌడ్ 2026 జనవరి 31తో ఆగిపోయాయి. ముందే యాపిల్ వారి ఇంటి పరికరాల వ్యవస్థ హోమ్‌కిట్‌కు కలుపుకున్నవి మాత్రం బతికాయి.

బల్బు బిగించే ముందు దాని ఒంటి మీదున్న 11 అంకెల కోడ్‌ను ఫొటో తీసుకోండి, తర్వాత నిచ్చెనెక్కే పని తప్పుతుంది. హోల్డర్ మనకు వాడుకలో ఉన్న బీ22 రకమో కాదో చూడండి. వైఫై బల్బులు సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్‌కే కలుస్తాయి. కలవనంటే గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నారేమో చూడండి, రౌటర్ సెట్టింగ్స్‌లో ఐసోలేషన్ (పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా అడ్డుకునేది) ఆపండి, ఐపీవీ6 అనే సెట్టింగ్ ఆపేసి ఉంటే ఆన్ చేయండి. గోడ మీది స్విచ్ ఆపేస్తే మాత్రం ఏ ప్రమాణమూ బల్బును వెలిగించలేదు. ఇంట్లో పెద్దవాళ్లు అలవాటుగా స్విచ్ కట్టేస్తుంటే బల్బుల బదులు స్విచ్‌బోర్డు వెనక రిలే (మామూలు స్విచ్‌ను స్మార్ట్‌గా మార్చే చిన్న పరికరం) పెట్టించుకోండి. చాలా రిలేలకు న్యూట్రల్ వైరు కావాలి, పాత ఇళ్ల బోర్డుల్లో అది తరచు ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో ముందు ఒక బోర్డు విప్పించి చూశాకే ఆర్డర్ పెట్టండి.

ప్రశ్న: ఒక్కో యూపీఐ యాప్‌కు మొత్తం లావాదేవీల్లో 30 శాతమే అని పరిమితి వస్తోందట. నా ఫోన్‌పే ఆగిపోతుందా?
– కర్నూలు పాఠకుడు

జవాబు: యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆ నిబంధనను 2020లోనే ప్రకటించింది. గడువు జరుగుతూ జరుగుతూ 2026 డిసెంబర్ 31కి చేరింది. లావాదేవీల్లో సింహభాగం ఫోన్‌పే, గూగుల్ పేలవే కాబట్టి మళ్లీ జరుగుతుందని మా అంచనా. అమలైనా మీ డబ్బు ఉండేది బ్యాంకులో, యాప్‌లో కాదు. రెండో యాప్ ఒకటి రిజిస్టర్ చేసి ఉంచుకోండి. పాత యాప్ తీసేసేటప్పుడు మాత్రం అందులోని ఆటోపే జాబితా తెరిచి కరెంటు బిల్లు, ఓటీటీ, సిప్ వాయిదాలు ఏమున్నాయో రాసుకున్నాకే తీసేయండి.