రివైండింగ్‌కి పంపే ముందు

బాబూ,

మోటారు మళ్లీ కాలుతోంది, విప్పి రివైండింగ్‌కి పంపేస్తున్నాం అన్నావు. ఒక్క రోజు ఆగు. రివైండింగ్‌తో కాలిన తీగ మారుతుంది గానీ, దాన్ని కాల్చిన కారణం ఎక్కడికీ పోదు.

ముందు, చెయ్యి పెట్టి చూసి తీర్పు చెప్పకు. 60 డిగ్రీలకే మనం చెయ్యి లాగేసుకుంటాం. ఎఫ్ క్లాస్ ఇన్సులేషన్ ఉన్న వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్లు) 155 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. బాడీ 75 చూపించినంత మాత్రాన టెన్షన్ అక్కర్లేదు. అదే లోడు మీద పోయిన నెల కంటే ఎంత పెరిగిందో చూడు. ఎక్కడ వేడెక్కుతోందో కూడా చూడు. బేరింగ్ దగ్గరైతే గ్రీజు తక్కువైందనుకుని ఇంకా కొట్టేస్తారు, ఎక్కువైనా వేడెక్కుతుందని మర్చిపోతారు. టెర్మినల్ బాక్సులో ఒక్క లగ్గే (తీగ చివర బిగించే లోహపు ముక్క) నల్లబడితే అది లూజు కనెక్షన్.

బాడీ అంతా సమానంగా కాలుతుంటే నా కథ విను. ఒక కన్వేయర్ మోటారుని ఒకే ఏడాదిలో రెండుసార్లు చుట్టించాను. కరెంటు ఎప్పుడూ నేమ్‌ప్లేట్ మీద రాసిన అంకె దాటలేదు, కాబట్టి ఓవర్‌లోడ్ ట్రిప్ కాలేదు. మూడోసారి వెనక ఫ్యాన్ కవర్ మీద కాగితం ముక్క పెట్టాను. గాలి పీల్చుకుంటుంటే అతుక్కోవాలి కదా, జారి కింద పడింది. మోటారు వేగం మార్చే డ్రైవ్‌లో చూస్తే 15 హెర్ట్జ్! వేగం తగ్గించారు, బెల్టు మీద బరువు తగ్గలేదు. షాఫ్ట్‌కున్న ఫ్యాన్ కూడా నెమ్మదించింది. విడిగా కరెంటిచ్చే బ్లోయర్ బిగించాక మళ్లీ విప్పే పని పడలేదు.

గాలి బాగుంటే డ్రైవ్‌లో నేమ్‌ప్లేట్ విలువలు సరిగ్గా కొట్టారో లేదో చూడు. టార్క్ బూస్ట్ (తక్కువ వేగంలో మోటారుకి అదనంగా వోల్టేజి ఇచ్చే సెట్టింగ్) మరీ ఎక్కువైతే తక్కువ వేగంలో ఖాళీగా తిరుగుతూ కూడా మోటారు వేడెక్కుతుంది.

డ్రైవే వేడెక్కుతోందా? హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము, ఆగిన ఫ్యాన్, మూసుకుపోయిన ఫిల్టర్, ఈ మూడూ చాలాసార్లు దొరికిపోతాయి. మోటారు కూత తగ్గాలని ఎవరో క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ లోపలి స్విచ్చింగ్ వేగం) పెంచి ఉంటే ఆ వేడి డ్రైవ్ మీదే పడుతుంది. ప్యానెల్ తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టే తెలివితేటలు మాత్రం వద్దు, దుమ్మంతా లోపలికే.

విప్పే ముందు సప్లై ఆపి, డ్రైవ్ మీద రాసినంత సేపు ఆగి, డీసీ బస్‌లో (డ్రైవ్ లోపల కరెంటు నిలవుండే చోటు) వోల్టేజి పోయిందో లేదో మీటరుతో చూసుకో. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టాలంటే మోటారు కేబుల్‌ని డ్రైవ్ నుంచి విప్పాకే.

రేపు కాగితం ముక్క తీసుకెళ్లు. అతుక్కుందో జారిందో, అప్పుడు ఎన్ని హెర్ట్జ్‌లో తిరుగుతోందో రాయి.